పేరమ్మ దిగిన రోజు

వన్‌టౌన్‌లో కాశీరావు తాలింఖానా తెల్లారకముందే తెరుచుకుంటుంది. ముందు దండేలు, తరవాత బస్కీలు, ఆపైన పొట్టకీ నడుముకీ పని. చేతులు చూసుకుని మురిసిపోకండి, మనిషిని నిలబెట్టేది నడుము అని ఆయన కుర్రాళ్ళని రోజూ సాధిస్తుంటాడు. కండలకోసం వచ్చినవాళ్ళు వారం తిరక్కుండానే జారుకుంటారు. ఆయనకి అదేమీ బెంగ లేదు.

పోలరాజు మాత్రం ఏడాదినుంచీ ఒక్కరోజు మానలేదు. దివిసీమలో సముద్రాన్ని ఆనుకున్న పల్లె వాడిది. ఉప్పెనలో ఊరు పోయాక బెజవాడ చేరి, మార్కెట్లో చేపల బుట్టలు మోస్తున్నాడు. అందరి పనీ అయ్యాక వాడు రెండు కర్రదిమ్మెలు పట్టుకుని, మోచేతులు పొట్టకి ఆన్చకుండా, కాళ్ళు గాలిలోకి లేపి, ఒంటిని నేలకి సమంగా నిలిపేవాడు. తాలింఖానా మొత్తంమీద అది వాడొక్కడికే చేతనయ్యేది. అలా నిలిపాడో లేదో, వాళ్ళమ్మ పేరమ్మ వచ్చి వీపుమీద కూర్చునేది.

ఉప్పెనలో పోయిన మనిషి కాబట్టి ఆమె కోకలోంచి నీళ్ళు కారుతుండేవి. పక్కనున్నవాళ్ళు తువ్వాళ్ళు తడవకుండా అవతలికి జరుపుకునేవాళ్ళే తప్ప, ఎందుకొచ్చిందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కాశీరావు, బాగున్నారా పేరమ్మగారూ అని పలకరించి తన పని తను చూసుకునేవాడు.

ఆమె అడిగేది ఒకటే. "నీళ్ళు తీశాయా నాయనా?"

"ఇంకా లేదమ్మా. గట్టిగా పట్టుకో," అనేవాడు పోలరాజు. నడుము వణికి, పొట్టలో నరాలు మెలిపడి, చివరికి దబ్బున కూలిపోయేవాడు. పడగానే పేరమ్మ కేకపెట్టి మాయమయ్యేది. బుట్టలు మోస్తున్నా, అన్నం తింటున్నా ఆ కేకే వాడి చెవుల్లో ఉండేది.

ఈమధ్య పొట్టలో నొప్పికి వాడు ముడుచుకుపోతున్నాడు. ఇలాగే చేస్తే లోపల ఏదో తెగి చస్తావు, ఇక రావద్దని కాశీరావు ఖరాఖండిగా చెప్పాడు. ఆవిణ్ణే దిగమనొచ్చు కదా అనీ అడిగాడు.

పోలరాజు వేలితో మట్టిలో గీతలు గీశాడు. "చెప్పానండీ మాస్టారూ. ఆ రాత్రే చెప్పాను."

ఉప్పెనొచ్చిన ఆ రాత్రి అమ్మని వీపున వేసుకుని తాడిచెట్టుని కరుచుకున్నాడు. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. నీళ్ళు తీశాయా అని ఆమె అడుగుతూనే ఉంది. నడుము ఇక ఆగక, మొయ్యలేక, తీశాయమ్మా, దిగు అనేశాడు. కొడుకు మాట నమ్మి ఆమె దిగింది.

కాశీరావు వచ్చి వాడి పక్కన మట్టిలో కూర్చున్నాడు. "నువ్వు లేపడం నేర్చావుగాని దించడం నేర్వలేదురా," అన్నాడు. "లేపడానిదేముంది, పొగరుంటే చాలు. బలమంతా దించడంలోనే. రేపు మెల్లగా దించు. నేలకి ముందు నీ ఛాతీ తగలాలి, ఆ తరవాతే ఆవిడ కాలు."

మర్నాడు పేరమ్మ వచ్చి కూర్చుంది. ఎప్పటిమాటే అడిగింది. పోలరాజు ఆనాడు అన్న మాటే మళ్ళీ అనాలి, వేరే మాట లేదు.

"తీశాయమ్మా."

ఆమె చేతులు వాడి మెడచుట్టూ బిగుసుకున్నాయి. "నువ్వు ముందు దిగు. నేను చూస్తా."

వాడు మోచేతులు కొద్దికొద్దిగా వంచాడు. పొట్ట భగ్గున మండుతోంది. ఆమె తూలకుండా, తను తొణక్కుండా, వెంట్రుకవాసి చొప్పున కిందికి దిగాడు. దండేలు తీస్తున్నవాళ్ళంతా ఆపేసి చూస్తున్నారు. ఛాతీ మట్టికి తగిలింది, తరవాత పొట్ట, తరవాత మోకాళ్ళు. అప్పుడు పేరమ్మ ఒక కాలు చాపి బొటనవేలితో నేలని తడిమింది. రెండో కాలూ మోపింది.

లేచి, కోక పిండుకుని, కొంగు దోపుకుంది. "పొడిగానే ఉందిరా," అంది. "లేవకు. నేనిక నడుస్తాలే."

కాశీరావు గుమ్మంలోంచి పక్కకి జరిగి దారిచ్చాడు. పోలరాజు మట్టిలో మొహం పెట్టుకుని ఏడుస్తుంటే లేపడానికి ఎవరూ పోలేదు. మధ్యాహ్నానికి వాడు బస్టాండులో ఉన్నాడు. ఊరు పోయాక మొదటిసారి, దివిసీమ వెళ్ళే అవనిగడ్డ బస్సు కోసం.