నైన్టీన్, క్లచ్చు, ఓ సిక్స్

మగవాడు స్నానాల గదిలో పాట పాడుకుంటే భయం లేదు. కుళాయి పూర్తిగా తిప్పేసి, ఆ నీళ్ళ చప్పుడు చాటున గొణుక్కుంటున్నాడంటే మాత్రం పెళ్ళాం చెవి రిక్కించాల్సిందే. మా ఆయన టూరిస్టు బస్సు డ్రైవరు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మనిషి నోట "స్టాప్", "రివర్స్", "సైడ్ ప్లీజ్" తప్ప ఇంకో ఇంగ్లీషు ముక్క వినలేదు నేను. అలాంటిది ఆ రోజు పొద్దున్న తలుపు గడియ పెట్టుకుని, బకెట్టు నిండి పొర్లిపోతున్నా పట్టించుకోకుండా, లోపల ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు.

కుట్టుమిషను ఆపేశాను. నాది బట్టలు సరిచేసే పని. పొడుగు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. అంతా ముందుగదిలోనే. మిషను ఆగిందంటే మా ఇంట్లో చీమ నడిచినా వినపడుతుంది.

"నైన్టీన్..." అన్నారు లోపల. ఆ వెంటనే ధబ్‌మని కాలు నేలకేసి కొట్టిన చప్పుడు. తరవాత ఎంతో మెత్తగా, "ఓ సిక్స్" అన్నారు. నన్ను ఏనాడూ అంత మెత్తగా పిలిచిన పాపాన పోలేదు.

"ఎవరితోనండీ ముచ్చట్లు?" అని తలుపు బాదాను.

కుళాయి టక్కున ఆగింది. "ఎవరూ లేరే. సబ్బు జారిపోతే..."

"సబ్బుకి ఇంగ్లీషు వచ్చా?"

తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, "నేనేం ఫోన్లో మాట్లాడట్లేదు" అన్నారు. ఫోను సంగతి నేను ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, అది ఆ పూట నా కళ్ళతో చూశాను.

అప్పటి నుంచీ ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నాను. తింటూ తింటూ చెయ్యి గాల్లో ఆపేసి పెదవులు కదుపుతారు. అద్దం ముందు నిలబడి చేత్తో లేని మైకు పట్టుకుంటారు. "చొక్కా కాలరు గట్టిగా ఇస్త్రీ చెయ్యవే" అంటారు, ఇన్నేళ్ళూ కాలరు ఎటు తిరిగిందో చూసుకోని మనిషి. సాయంత్రం ఆలస్యమేమంటే బస్సు కడగాలంటారు. బస్సులు కడగడానికి డిపోలో వేరే మనిషి ఉన్నాడని నాకు తెలియదనుకున్నారు పాపం.

అన్నిటికన్నా నా కడుపు మండించింది భోజనం డబ్బా.

"ఇంకో మనిషికి సరిపడా పెట్టు. బాగా మెత్తగా ఉడికించు" అన్నారు ఒకరోజు.

"ఎవరా ఇంకో మనిషి?"

"నాకే. ఈమధ్య ఆకలెక్కువైంది."

"ఆకలెక్కువైతే మెత్తగా ఎందుకు? ఆవిడకి పళ్ళు లేవా?"

"ఏ ఆవిడే?" అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయారు. పళ్ళు లేని దాన్ని తగులుకున్నారంటే మా ఆయన అభిరుచి మీద కూడా నాకు అనుమానం వచ్చింది.

ఈ గొడవ చెప్పుకుందామంటే నా తమ్ముడు దొరకడు. వాడిదీ అదే బస్సులో పని. ఈయన నడుపుతారు, వాడు మైకు పట్టుకుని ఊరికి వచ్చిన విదేశీయులకు ఊరంతా చూపిస్తాడు. చిన్నప్పుడు వాడు వీధి ఆ చివర అరిస్తే ఈ చివర కుక్కలు లేచేవి. అందుకే వాణ్ణి అందరూ టముకు అంటారు. అమ్మ పోయాక పెంచింది నేనే. నా చేతి కూడు తిని నన్నే తిట్టేవాడు, అదీ పక్క మేడలోవాళ్ళకి కూడా వినపడేలా. వాడు తిట్టకపోతే నాకు ఆ వారం వెలితిగా ఉండేది. అలాంటివాడు కొన్ని వారాలుగా ఇంటికి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. కాసేపటికి "పనిలో ఉన్నా అక్కా" అని మెసేజి మాత్రం వస్తుంది.

అంతకు ముందే వాళ్ళ కంపెనీలో ఓ మాట పుట్టింది. మా ఆయనే చెప్పారు.

"బస్సుకి ఇద్దరెందుకు అంటున్నారు. నడిపేవాడే మాట్లాడాలట."

"మరి టముకు సంగతి?"

"చూద్దాం" అన్నారు, నా మొహం చూడకుండా.

టముకుకి ఒక కంటి చూపు తక్కువ. వాడికి లైసెన్సు రాదు. చదువూ అంతంతే, ఇంగ్లీషు మాత్రం విదేశీయుల వెంట తిరిగి తిరిగి పట్టాడు. ఆ గొంతు తప్ప వాడికి మరో ఆస్తి లేదు. ఆ ఉద్యోగం పోతే వాడి బతుకేమిటని నాకు అప్పటి నుంచీ దిగులుగానే ఉంది.

డబ్బా గొడవైన మర్నాడో ఏమో, కింది అంతస్తు బ్యూటీపార్లరావిడ గౌను వదులు చేయించుకోవడానికి వచ్చింది. పెళ్ళికి ముందు పెద్ద హోటల్లో పనిచేసింది, ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తుంది. టేపు ఆవిడ నడుముకి చుట్టి, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"నైన్టీన్ ఓ సిక్స్ అంటే ఏంటండీ? ముద్దు మాటా?"

ఆవిడ నవ్విన నవ్వుకి నా కొలత తప్పిపోయింది. "సంవత్సరం అండీ బాబూ! పందొమ్మిది వందల ఆరు. ఇంగ్లీషువాళ్ళు సంవత్సరాన్ని మధ్యకి విరిచి చెబుతారు. ముందు పందొమ్మిది, తరవాత ఆరు. సున్నా ఉంటే 'ఓ' అంటారు."

"మరి మధ్యలో వందలు ఏమైపోయాయి?"

"మింగేశారు. పందొమ్మిది వందలకి సరిగ్గా అయితేనే వందలు బయటికొస్తాయి. అక్కడ నైన్టీన్ హండ్రెడ్."

"రెండువేల అయిదయితే?"

"దాన్ని విరవరు. టూ థౌజండ్ అండ్ ఫైవ్ అని పూర్తిగా చెబుతారు. పది వచ్చేసరికి కొందరు ట్వంటీ టెన్ అని మళ్ళీ విరిచేస్తారు, కొందరు విరవరు. వాళ్ళకే తేలలేదు."

"ఏ సంవత్సరాన్ని ఎలా పిలవాలో తేల్చుకోలేనివాళ్ళని ఎలా నమ్మడమండీ?" అన్నాను. ఆవిడ ఇంకా నవ్వుతోంది. నా నవ్వు మాత్రం అక్కడే ఎండిపోయింది.

ఎందుకంటే ఆ సంవత్సరం నేను ముందే విన్నాను. టముకు ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను బస్సెక్కించి ఊరు చూపించాడు. గడియారస్తంభం దగ్గర నైన్టీన్ ఓ సిక్స్ అన్నాడు. పాత వంతెన దగ్గర ఎయిటీన్ ఎయిటీ ఎయిట్ అన్నాడు. మా ఆయన స్నానాల గదిలో గొణుగుతున్నవన్నీ వరసగా అవే. ఆడదీ లేదు, పాడూ లేదు. ఈ మనిషి నా తమ్ముడి పాఠం దొంగతనంగా బట్టీ పడుతున్నాడు. నడిపేవాడే మాట్లాడితే, మాట్లాడేవాడు రోడ్డున పడాలి కదా. టముకు ఇంటికి రాకపోవడానికీ, ఫోన్ ఎత్తకపోవడానికీ కారణం అప్పుడు అర్థమైందనుకున్నాను. వాడికి తెలిసిపోయింది. బావ నోటికాడి కూడు లాక్కుంటున్నాడని అక్కతో చెప్పలేక మొహం చాటేశాడు.

నిజం చెబుతున్నాను, ఇంకో ఆడది ఉన్నా నాకు అంత మంట పుట్టేది కాదు.

ఆ సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పేసి డిపోకి బయలుదేరాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. నేను కళ్ళు తెరుచుకునే ఉన్నాను, పట్టుకునే తీరాలి అనుకున్నాను.

ఎండ ఇంకా తగ్గలేదు. బస్సులన్నీ బారుగా ఆగి ఉన్నాయి, డీజిలు వాసన. మా ఆయన బస్సు గోడవారగా ఉంది. తలుపు తెరిచే ఉంది. డ్రైవరు సీటు పక్కన నిలబడి, పనిచెయ్యని మైకు నోటి దగ్గర పెట్టుకుని, ఖాళీ సీట్లకి ఇంగ్లీషు చెబుతున్నారు. పూర్తి ఖాళీ కూడా కాదు. ముందు సీట్లో ఎవరో ఉన్నారు. మెడ నిండా మందపాటి మఫ్లరు, పక్కన మా ఇంటి భోజనం డబ్బా.

రెండు మెట్లూ ఒక్క అంగలో ఎక్కాను. "ఓహో! బస్సు కడగడమంటే ఇదా?"

మా ఆయన చేతిలో మైకు కింద పడింది. మఫ్లరు మనిషి ఇటు తిరిగాడు. టముకు.

ఆ వెంటనే కోపం రెట్టింపయింది. "వీడి సీటుకి ఎసరు పెడుతూ, వీడి చేతే నేర్పించుకుంటున్నారా? సిగ్గు లేదండీ మీకు? ఒరేయ్, నీకైనా బుద్ధుండక్కర్లేదా? నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు కదరా!"

మామూలుగా అయితే నా ఒక్క మాటకి వాడివి పది వచ్చేవి. ఇప్పుడు బావ వైపు చూశాడంతే.

"మాట్లాడవేం? నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?"

"అక్కా" అన్నాడు.

అది వాడి గొంతు కాదు. చిత్తుకాగితం నలిపితే వచ్చే చప్పుడు.

"వాణ్ణి మాట్లాడించకే" అన్నారు మా ఆయన. "డాక్టరు మాట్లాడద్దన్నాడు. గొంతులో గడ్డ. వచ్చే వారం ఆపరేషను. లోపల మాట పుట్టే చోటే తీసేస్తారట. ప్రాణానికేం భయం లేదన్నారు. మాటే..."

నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. వాడు మెడకి ఆ మఫ్లరు ఎందుకు చుట్టుకున్నాడో, డబ్బాలో కూడు మెత్తగా ఎందుకుండాలో ఒకటొకటే తెలిసొస్తుంటే, ప్రతిదీ చెంప మీద కొట్టినట్టే ఉంది.

"కంపెనీకి తెలుసా?"

"జలుబని చెప్పి సెలవు పెట్టాడు. తెలిస్తే రేపు నాకు పెడతామన్న ఇంగ్లీషు పరీక్ష పెట్టరు. మాటా స్టీరింగూ రెండూ వచ్చిన కొత్తవాణ్ణి తెచ్చి కూర్చోబెడతారు, ఇద్దరం ఇంటికే. నేను నెగ్గితే, టిక్కెట్లు చూసే పనైనా వీడికి ఇమ్మని అడగచ్చు. ఈ ఆలోచన వీడిదే. నేను వద్దన్నాను. వీడు వింటాడా?"

"నాకెందుకు చెప్పలేదు మరి? నేను చచ్చాననుకున్నారా?"

ఆయన తల దించుకున్నారు. టముకు మాత్రం చేత్తో కన్నీళ్ళు కారుతున్నట్టు చూపించాడు, అది నేను. తరవాత వేళ్ళు కత్తెరలా ఆడించి, వేలు కిందికి చూపించాడు. కింది అంతస్తు పార్లరావిడ. నా నోట్లో నువ్వుగింజ నానదని. ఇంకోరోజైతే వీపు మీద ఒక్కటిచ్చేదాన్ని.

వాడు చేతి గడియారం చూపించి, బావకి కానివ్వమని సైగ చేశాడు. మా ఆయన మైకు తీసుకుని, అరిచేతులు ప్యాంటుకి తుడుచుకుని మొదలుపెట్టారు. "దిస్ క్లాక్ టవర్... వన్ నైన్ జీరో సిక్స్."

"నైన్టీన్" అని గీరినట్టు అన్నాడు టముకు. ఎడమ కాలు నేల మీద నొక్కాడు. "ఓ సిక్స్."

"ఏం చెయ్యనురా, నంబరు కనపడితే బండి నంబరులాగే నోటికొస్తోంది. జీవితమంతా అలాగే చదివాను కదా" అన్నారాయన. తరవాత నావైపు తిరిగి, తప్పు చేసినవాడిలా వివరించారు. "వీడే ఉపాయం చెప్పాడు. పందొమ్మిది ఒక గేరు, ఆరు ఒక గేరు. మధ్యలో క్లచ్చు నొక్కాలట. నైన్టీన్, క్లచ్చు, ఓ సిక్స్."

స్నానాల గదిలో ధబ్‌మన్నది అదన్నమాట. టముకు మళ్ళీ నోరు తెరిచాడు, వంతెన దగ్గర ఏం చెప్పాలో అందించడానికి. ప్రతి ముక్కకీ మెడ నరాలు తాళ్ళలా లేస్తున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ గొంతులో ఇంకెన్ని మాటలు మిగిలాయో ఎవరికి తెలుసు? ఉన్న కాసినీ గడియారస్తంభానికీ వంతెనకీ పెట్టేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఇన్ని రోజులు వీళ్ళిద్దరినీ ఏమేం అనుకున్నానో తలచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. "ఇంక నువ్వు పెదవి విప్పావంటే ఊరుకోను. నేనడుగుతాను. తలుపు చాటున విని విని నాకూ వచ్చేశాయి. తప్పయితే తల అడ్డంగా ఊపు, చాలు."

మా ఆయన నోరు తెరుచుకుని చూశారు.

"చూస్తారేం? చెప్పండి. వంతెన?"

"ఎయిటీన్..." కాలు నొక్కారు. "ఎయిటీ ఎయిట్."

టముకు తల నిలువుగా ఊపాడు.

"రైలు స్టేషను?"

"నైన్టీన్ హండ్రెడ్."

"అద్దాల మేడ?"

"ట్వంటీ... ఓ ఫైవ్?"

"దాన్ని విరవకూడదండీ. టూ థౌజండ్ అండ్ ఫైవ్" అన్నాను. టముకు నావైపు వింతగా చూశాడు. వాడి మొహంలో ఆ మెచ్చుకోలు చూసి నాకు కళ్ళు నిండుకొచ్చాయి. కొంగుతో తుడుచుకుని, "గడియారస్తంభం?" అన్నాను.

మా ఆయన నా కళ్ళు చూసి కంగారు పడ్డారు. కాలు మరిచిపోయారు. "వన్ నైన్ జీరో..."

టముకు ఇక పట్టలేకపోయాడు. సీట్లోంచి సగం లేచాడు. మొహం ఎర్రబడింది, ఛాతీ నిండా గాలి పీల్చాడు. ఆ ఊపిరి నాకు తెలుసు. దాని వెనక వచ్చే తిట్టు వీధి చివరిదాకా వెళ్ళేది. గబుక్కున వాడి నోటికి నా చెయ్యి అడ్డం పెట్టేశాను.

అరచేతి కింద వాడి పెదవులు ఆడుతూనే ఉన్నాయి. తిడుతున్నాడు. బావనో, నన్నో తెలియలేదు. చెయ్యి తీస్తే వినచ్చు. ఎంత ఆశ పుట్టిందంటే, వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయి. పళ్ళు బిగబట్టి మళ్ళీ గట్టిగా నొక్కాను.

"మొదటి నుంచీ చెప్పండి" అన్నాను మా ఆయనతో.