కాపలావాడికి కనబడని దారి

కంప్యూటర్ ఆటల కంపెనీ నుంచి మెయిల్ వచ్చేసరికి రేబెకా వంటింట్లో బెంగాలీలు పొటోల్ అనే కాయల చెక్కు తీస్తోంది. 'మీరు పంపిన మ్యాపు నచ్చింది. శుక్రవారం పదకొండింటికి నగరంలోని మా సాల్ట్ లేక్ ఆఫీసుకు రండి. మ్యాపు గీసుకున్న నోటుపుస్తకం తప్పక తెండి. ఇది మీ సొంత ఆలోచనేనని మాకు తెలియాలి' అని ఉంది. చెక్కు తీసిన పొటోల్‌నే మళ్లీ చెక్కేసి, భర్తకు ఫోను చేసింది. పెళ్లయి ఆ రోజుకు నలభై రెండు రోజులు. అడక్కపోయినా చెబుతుంది ఆ లెక్క.

టికియాపారా డిపోలో రైలుపెట్టెల బ్రేకులు బాగుచేసే బ్లెస్సన్ ఆ సాయంత్రం శంఖాల్లాంటి సందేశ్ మిఠాయిలు ఆరు తెచ్చాడు. నలుగురికీ నాలుగు పంచి, మిగతా రెండూ పెళ్లాం దిండు కింద దాచాడు. చీమలు పట్టాయి. దిండు దులుపుకుంటూ ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

మ్యాపులు కట్టే విద్య రేబెకాకు ఎవరూ నేర్పింది కాదు. ఆటల పిచ్చివాళ్లు సొంతంగా మ్యాపులు, అంటే ఆట నడిచే స్థలాలు, కట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతుంటారు. ఒక్కో మ్యాపూ మూటకట్టిన ఒక ఫైలు. మూట విప్పే సాధనం వేరే ఉంటుంది. విప్పితే గోడలన్నీ ఒకచోట, దీపాలొకచోట, చప్పుళ్లొకచోట కుప్పపడతాయి. దూరాన కనిపించే మేడలకు వెనక గోడలే ఉండవనీ, చందమామ రేకుకు అతికించిన బొమ్మేననీ మొదటిసారి చూసినప్పుడు ఆమె లేచి గదంతా తిరిగింది. "పెట్టె విప్పకుండా బ్రేకు తెలుస్తాదేటి?" అన్నాడు బ్లెస్సన్. అలా పదిహేడు మ్యాపులు విప్పి, ఆటగాణ్ణి ఎక్కడ ఆపాలో, ఎక్కడ దాచాలో రాసుకుంది. ఆ తరవాత రైల్వే క్వార్టర్సు డాబా మీంచి కనిపించే రైలు యార్డునే తన మ్యాపుగా కట్టింది. అందులో దొంగ కాపలావాడి కళ్లుగప్పి యార్డు దాటాలి.

సంతోషమంతా సందేశ్‌తోనే కరిగిపోయింది. మామగారు ఎలీయాజరు ముఖం మాడ్చుకున్నాడు.

ఆయన ముప్పై నాలుగేళ్లుగా సిగ్నళ్లు చూసుకునే మనిషి. మొదట్లో అన్నాల దగ్గర ఆమె ఏమడిగినా ముద్ద చేతిలో పట్టుకుని మరీ చెప్పేవాడు. ఆ సాయంత్రం, "మావయ్యా, గూడ్సు పెట్టె వెనక నిలబడితే సిగ్నల్ కేబిన్లోవాళ్లకి కనబడతామా?" అనడిగితే, "ఎందుకమ్మా?" అని మాత్రం అన్నాడు.

కుటుంబ ప్రార్థనలో సంగతి ఇంకా తేలిపోయింది. రోజూ ఆయన అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగిస్తాడు. ఆవేళ భార్య అచ్చమ్మ మోకాలి నొప్పి వచ్చింది, కొడుకు నడుము వచ్చింది, చెడిపోయిన నీళ్ల మోటారు కూడా వచ్చింది. కోడలి ఉద్యోగం రాలేదు. పైగా చివర, "ఈ ఇంట్లో దాచినవేవీ దాగకుండా చెయ్యి తండ్రీ" అన్నాడు. రేబెకా ఒక కన్ను తెరిచింది. ఆయన రెండు కళ్లూ తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

కోడలు ఉద్యోగానికెళ్లడం ఇష్టం లేదు కాబోలు అనుకుంది. బుధవారం మధ్యాహ్నం సంచిలో నోటుపుస్తకం కనబడకపోయేసరికి ఆ అనుమానం గట్టిపడింది. అది లేకుండా శుక్రవారం వెళితే, ఎవరి మ్యాపో విప్పి ఎత్తుకొచ్చిందనుకోరూ?

"అత్తయ్యా, నా నీలం పుస్తకం చూశారా?"

"నాకేటి తెలుసమ్మా. మీ మావయ్య పొద్దున్న కళ్లజోడెట్టుకుని ఏదో సదువుతన్నాడు. బైబిలనుకున్నాను."

సాయంత్రం మెట్ల మీద ఆయన గొంతు తగ్గించి ఫోనులో మాట్లాడుతుంటే వింది. "భానుమూర్తీ, రేపు తొమ్మిదింటికి ఇంటికి రా. యూనిఫారమొద్దు. కోడలు ఇంట్లోనే ఉంటాది."

భానుమూర్తి వాళ్ల చర్చివాడే. ఉద్యోగం రైల్వే పోలీసు. తన కోసం పోలీసెందుకో రేబెకాకు అంతుపట్టలేదు. డ్యూటీ నుంచి వచ్చిన బ్లెస్సన్‌ని అడిగితే, "నాన్న నాకేటీ చెప్పలేదే" అన్నాడు చూపు తప్పించి. నలభై నాలుగో రోజున మొదటిసారి మొగుడి మాట మీద కూడా నమ్మకం సడలింది.

ఇక దాగుడుమూతలెందుకని ప్రార్థనకు ముందే అడిగేసింది. "మావయ్యా, నా పుస్తకం మీ దగ్గరుందా?"

ఎలీయాజరు అలమార తీసి పుస్తకం బల్ల మీద పెట్టాడు. "ఇది నీ రాతేనా? కాపలావాడికి కనబడని దారులు మూడట. టవరు నీడలో రెండు నిమిషాలు ఆగాలట. ఆనక పరుగట." పేజీలో టవరు బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఈ పటం ఎవడడిగేడమ్మా నిన్ను? నాకింకా ఏడు నెలల సర్వీసుంది. నా ఇంట్లోంచి యార్డు గుట్టు బయటికెళ్లిందంటే నా ముఖం ఎక్కడెట్టుకోను?"

రేబెకాకు నవ్వొచ్చింది గానీ, ఆయన ముఖం చూసి మింగేసింది.

"నన్ను కూడా అడిగేడు, అది రాత్రుళ్లు ఎవరితో మాట్లాడతాదని," బ్లెస్సన్ తలవంచుకుని ఒప్పుకున్నాడు. "నీతో చెప్పొద్దన్నాడు. నాన్నా, అది ఆట అని చెప్పేను కదా."

"ఆటైతే అందులో మన కేబినెందుకు?"

రేబెకా లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నడవండి మావయ్యా. ఈ బటను నొక్కితే ముందుకి."

ఆయన ఒక్క వేలితో నొక్కాడు. పట్టాలు కదిలాయి. కేబిను దాకా వెళ్లి ఆగాడు, కిటికీలోకి తొంగి చూశాడు. గూడ్సు పెట్టె వెనక దాక్కుని, కాపలావాడు దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టాడు. పట్టాలు చీలే చోటికి రాగానే కళ్లజోడు పైకి తోశాడు.

"ఈ పాయింటు ఎవరెట్టేరు?"

"నేనే."

"ఇలాగెడితే బండి డిపోలోకెళ్లదమ్మా. అచ్చమ్మ వంటింట్లోకొస్తాది."

"రానీ, కూరలు తరగడానికి ఒక మనిషి కావాలి" అంది అచ్చమ్మ.

"ఇదే పటం వాళ్లకి పంపేవా?" అన్నాడు ఎలీయాజరు, గొంతులో అనుమానం పూర్తిగా వదలకుండానే.

"ఇదే."

"మరేం పర్లేదు. దీన్ని నమ్మి ఎవడొచ్చినా గోడకి గుద్దుకుంటాడు."

పుస్తకం ఆమె చేతికిచ్చి ప్రార్థన మొదలుపెట్టాడు. ఈసారి రేబెకా ఉద్యోగం నీళ్ల మోటారు కంటే ముందే వచ్చింది. ఆమేన్ అన్నాక బ్లెస్సన్ ఫోను తీశాడు. "భానుమూర్తిని రావొద్దని చెప్పీనా?"

"ఎందుకూ? రానీ," అన్నాడు ఎలీయాజరు. "రేపు పొద్దున్న ఆరున్నరకి అమ్మాయిని యార్డు వంతెన మీదికి తీసుకెళ్లి పాయింటెలా తిరుగుతాదో చూపిస్తాను. ఫోటోలు తియ్యకూడదు. వచ్చేక కేబిన్ని అటుపక్కకి జరుపమ్మా, అది మన కేబిన్‌లా ఉండకూడదు. తొమ్మిదింటికి భానుమూర్తిని ఈ ఆటలో కాపలావాడిగా కూచోబెడతాం. నువ్వు ఎటునించొస్తావో పట్టుకోమను చూద్దాం. అచ్చమ్మా, రేపు ఇంకో నాలుగు అట్లు ఎక్కువ పొయ్యి."