వాంతులు ఆగిన పొద్దు

మెలకువ రాగానే పరశురాములు చెవులు రిక్కించాడు. పెరట్లో కాకులు అరుస్తున్నాయి, బర్రె తోక విదిలిస్తోంది. రావలసిన చప్పుడు మాత్రం రాలేదు.

నెల తప్పిన దగ్గర్నుంచి కళ్యాణి లేచీ లేవగానే పెరటి గోడ పట్టుకుని కక్కేది. పేగులు బయట పడతాయేమో అన్నట్టుండేది. రెండ్రోజులుగా అది లేదు. తొంగి చూస్తే, పొయ్యి ముందు కూర్చుని రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుని తింటోంది. పోయినేడూ ఇంతే. వాంతులు ఆగాయని ఇల్లంతా సంబరపడింది. వారం తిరక్కుండానే రక్తం కనబడింది, కడుపు పోయింది.

“ఇమిడిందా?”

“ఇమిడింది.” ఆమె తలెత్తలేదు. ఆమెకూ అదే గుర్తుందని అతనికి అర్థమైంది.

“నాలుగు మెతుకులు ఇముడుతుంటే గదేం బుగులురా నీకు?” అంది తల్లి కట్టమ్మ. “నిన్ను మోసినప్పుడు నేను ఒక్కసారన్న కక్కలే. నాట్లేసిన, కలుపు తీసిన. దున్నపోతు లెక్క పుట్టలేదా నువ్వు?”

“నా ముచ్చట కాదవ్వా. మానుకోట దవాఖానల చూపిస్త.”

“సమ్మెల బస్సులే బందాయె, ఎట్ల పోతరు?”

“ఆటో లేదా?”

ఆటో అతని సొంతమే. నర్సింహులపేట దాటింది మొదలు ప్రతి గుంతలోనూ దాన్ని ఎడ్లబండికన్నా మెల్లగా దింపాడు. ఓట్లప్పుడు తప్ప ఈ రోడ్డు సంగతి ఏ నాయకుడి నడుముకూ తెలియదు.

మానుకోట ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా జనం. సమ్మె వంటావార్పు: రోడ్డు ఆపి, అక్కడే వండుకు తినే నిరసన. నడిరోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యిలు, వాటిమీద గంజులు, చుట్టూ జెండాలు. వారం కింద తమ ఊళ్లో ఇలాగే ఆటో అడ్డం పెట్టింది తనే. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

“దవాఖానకు పోవాలె. జర తొవ్వ ఇయ్యుండ్రి,” అని చేతులు జోడించాడు.

“ఏమైందన్నా?” అడిగాడు జెండా పట్టుకున్నతను.

అతను వెనక్కి తిరిగి చూశాడు. కళ్యాణి చేయి పొట్టమీదే ఉంది.

“కడుపుతోని ఉంది,” అన్నాడు చివరికి.

“అయ్యో, పోదువుగాని! గా గంజు దించాలె, కాలుతాంది. జర ఆగు.”

నలుగురు కర్రల కోసం పోయారు. ఈలోగా పొయ్యి దగ్గరి ముసలామె పప్పుకు పోపు పెట్టింది. కాగిన నూనెలో ఎండుమిర్చి, ఎల్లిపాయ చుయ్యిమన్నాయి. ఘాటు ఆటోను కమ్మేసింది.

కళ్యాణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మరుక్షణం బయటికి వంగి, పొద్దున తిన్నదంతా రోడ్డు మీద కక్కేసింది.

పరశురాములు ఉరికి ఆమె వీపు పట్టుకున్నాడు. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో అతనికే తెలియడం లేదు.

“పెండ్లాం కక్కుతుంటే పండ్లికిలిస్తవేందయ్యా?” కసిరింది ముసలామె.

“నీ కాళ్లు మొక్కుత అవ్వా. ఇంకో పోపు పెట్టరాదు?”

“పిచ్చి లేసిందా ఈయనకు!”

జనం నవ్వారు. కళ్యాణి నవ్వలేదు. నోరు కడుక్కుని, “ఇగ ఇంటికి పోదమా?” అంది మెల్లగా.

“చూపిచ్చుకునే పోదం.”

గంజు పక్కకు జరిగింది. పప్పు వాసన చాలా దూరం వెంట వచ్చి, పొలాల గాలిలో కలిసిపోయింది. పరశురాములు మాటిమాటికీ అద్దంలో చూస్తున్నాడు. ఆమె ముక్కు మీద కొంగు అలాగే ఉంది. అది తీసేస్తే వాంతులు మళ్లీ ఆగినట్టేనని, మానుకోట దాకా అతను అద్దం చూడటం మానలేదు.