చాప లేని మేకులు

నిన్న సాయంత్రం మునస్వామి నున్నగా రోలర్ తిప్పి వెళ్ళిన పిచ్‌కి రెండు అంచులా, తెల్లారేసరికి వేలు దూరేంత కన్నాలు వరసగా పడి ఉన్నాయి.

మునస్వామి మోకాళ్ళ మీద కూర్చుని ఒక కన్నంలో చూపుడువేలు పెట్టాడు. కన్నం నిటారుగా దిగింది. ఎలుకలు తవ్వింది కాదు, పందికొక్కు పని అంతకన్నా కాదు. కన్నానికీ కన్నానికీ మధ్య సరిగ్గా రెండడుగుల దూరం ఉంది. ఆ కొలత అతనికి బాగా తెలుసు. అందుకే వేలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

పిచ్ మీద కొబ్బరిపీచు చాప పరిచి ఆడే రోజుల్లో, దాన్ని బిగించే మేకులు కొట్టిన కొలత అది. ఆ చాప చెదలు పట్టి, ముక్కలై, కాలిపోయి ఐదేళ్ళయింది.

చుట్టూ చూశాడు. మంచు పడిన గడ్డి మీద అడుగుజాడ ఒక్కటీ లేదు. పిచ్ పక్కనే మాత్రం మంచు తుడుచుకుపోయిన మూరెడు వెడల్పు దారి ఒకటి కనిపించింది. ఎవరినో ఈడ్చుకుపోయినట్టుంది.

మదనపల్లెలో ఆ గ్రౌండును మునస్వామి నలభై ఏళ్ళుగా చూసుకుంటున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. రోలర్ లాగి లాగి కుడి భుజం కిందికి దిగిపోయింది. అరచేతులు ఎండిన చింతపండు రంగుకు తిరిగాయి. గ్రౌండుకు వచ్చేవాళ్ళలో సగం మందికి అతని పేరు తెలియదు. గడ్డి ఎండితే మాత్రం గుర్తొస్తాడు.

మన దేశం ఆడపిల్లలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచి మూడు వారాలైంది. ఈ రోజు ఇక్కడ ఉమ్మడి జిల్లా ఆడపిల్లల జట్టు ఎంపికకు మ్యాచ్ ఉంది. పుంగనూరు పిల్లలు, కుప్పం పిల్లలు తలపడతారు. మునస్వామి మూడేళ్ళు కష్టపడి నల్లమట్టి పోసి చేసిన పిచ్ మీద మొదటి మ్యాచ్ ఇదే. పిచ్ బాగుందనిపించుకోవాలన్న ఆశ అతనికి లేదు. దాని మీద ఎవరికీ దెబ్బ తగలకూడదు. ఆ ఒక్కటి చాలు.

బంకమట్టి తడిపి కన్నాలు పూడ్చడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర టీ బంకు మునెమ్మ గ్లాసు తెచ్చి ఇచ్చి, తెల్లారకముందే గ్రౌండులో టక్కు టక్కుమని చప్పుడు విన్నానంది. నాలుగు దెబ్బలు, కాసేపు ఆగడం, మళ్ళీ నాలుగు దెబ్బలు.

"యాల అట్ల సూస్తాండావు? మీ ఆల్విన్ వచ్చినాడేమోలే, బ్యాటు తట్టుకుంటా నిలబడుకోనుంటాడు" అని నవ్వింది.

అతని ముఖం చూసి నవ్వు మింగేసింది. గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆల్విన్ మిషన్ కాంపౌండు కుర్రాడు. ఇరవై ఏళ్ళ వయసులో మునస్వామి జిల్లాలో అందరికన్నా వేగంగా బంతి వేసేవాడు. ఎనభై మూడు జూన్‌లో మనవాళ్ళు కప్పు గెలిచిన మర్నాడు, ఆ సంబరంలోనే ఇక్కడ చాప మీద మ్యాచ్ ఆడారు. ఆల్విన్ వరసగా రెండు ఫోర్లు కొట్టి నవ్వాడు. మునస్వామికి ఒళ్ళు మండింది. మూడో బంతి లేచి ఆల్విన్ కణతకు తగిలింది. ఆసుపత్రి రెండు ఫర్లాంగుల దూరమే. అక్కడికి చేరేలోపే అంతా అయిపోయింది.

కావాలనే తలకు వేశాడన్నారు. బంతిని చేతిలోంచి వదిలినప్పుడు అది ఆల్విన్ కాళ్ళ ముందుకే పడుతుందనిపించిన గుర్తు. కానీ అందరూ ఒకే మాట అంటూంటే ఆ గుర్తు మీద నమ్మకం పోయింది. కోపం వచ్చిన మాట నిజమే కదా అనుకున్నాడు. ఆ తర్వాత బంతి పట్టుకోలేదు. రోలర్ పట్టుకున్నాడు.

తొమ్మిదింటికి మ్యాచ్ పరిశీలకుడు ప్రతాప్ వచ్చాడు. మునస్వామి ఏదీ దాచకుండా పూడ్చిన చోట్లన్నీ తనే చూపించాడు. ప్రతాప్ బూటు మడమతో ఒక్కో చోట తొక్కి చూసి, బంతి పడే దారిలో ఏమీ లేదు కాబట్టి ఆడించవచ్చన్నాడు. పనిలేని వెధవలెవరో చేసి ఉంటారని తేల్చేశాడు. పనిలేని వెధవలకు రెండడుగుల కొలత ఎలా తెలిసిందనుకుంటూ మునస్వామి సున్నం గీతలు గీయడానికి వెళ్ళాడు.

మ్యాచ్ మొదలైంది. కుప్పం పిల్ల పావని పొడుగ్గా, సన్నగా ఉంది. పరిగెత్తుకొస్తుంటే జడ వీపు మీద కొరడాలా కొట్టుకుంటోంది. పుంగనూరు పిల్ల కీర్తి బ్యాటు పట్టింది. పావని చేయి లేచిన ప్రతిసారీ మునస్వామి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు విన్నాకే ఊపిరి వదిలాడు. ఒకసారి చప్పుడు రాలేదు. మెడ తిప్పడానికి ధైర్యం చాలలేదు.

"తాతా, బాలు నీ కాడికే వచ్చింది, ఎయ్యి" అని ఎవరో అరిచారు.

బంతి కాలి దగ్గర ఆగి ఉంది. వంగలేదు. మెల్లగా కాలితో నెట్టాడు.

నాలుగింటికి మ్యాచ్ ముగిసింది. ఒక్కరికీ గీత కూడా పడలేదు. ఇద్దరి పేర్లూ జాబితాలోకి ఎక్కాయి. పిల్లలు బస్సెక్కి వెళ్ళిపోయారు.

అప్పుడే గ్రౌండు వెనక గదుల దగ్గర ఆటో ఆగింది. ఒకప్పుడు చాప పరిచే పని చేసిన వెంకటరమణప్ప అక్కడే ఉంటాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. మతి కుదురుగా ఉండటం లేదని కూతురు రాజేశ్వరి కుప్పం తీసుకుపోవడానికి వచ్చింది. మునస్వామి సంచి అందుకుని ఆటోలో పెట్టాడు. సంచి ఉండవలసినదానికన్నా బరువుగా ఉంది. లోపల ఇనుము గలగలమంది.

ముసలాయన చేయి పట్టుకుని ఎక్కించబోతే ఆ గోళ్ళ నిండా నల్లమట్టి కనిపించింది. జిల్లా మొత్తంలో ఆ మట్టి ఆ ఒక్క పిచ్ మీదే ఉంది. మునస్వామి చేయి వదిలేశాడు. ముసలాయన వదల్లేదు. కూతురిని కాసేపు అవతలికి పొమ్మన్నాడు. అతని కళ్ళు ఆ పూట తేటగా ఉన్నాయి.

"నేనేనప్పా" అన్నాడు. "పెద్ద మ్యాచ్ ఉండాదంటే నాకు నిద్ర రాదు. చాప లేదని తెలుసు, అయినా చేతులు ఊరుకోవు. మోకాళ్ళు వంగవు గదా, గోనెపట్ట మీద కూసోని జరుక్కుంటా పోయి మేకు దిగ్గొడతా. గట్టిగుండాదా అని లాగి సూస్తా. మళ్ళా పీకేస్తా. ఆల్విన్ పోయినాడే, ఆ మ్యాచ్‌కి ముందు పొద్దు లాగి సూళ్ళేదు, అందుకు. శనివారం సాయంత్రం రేడియోలో ఫైనల్ వస్తా ఉండె. మనోళ్ళు ఒకరెనక ఒకరు అవుటైపోతాండారని టీ అంగట్లో కేకలు. ఒక మేకు ఉత్తినే గుచ్చి పరిగెత్తినా, మళ్ళా వచ్చి కొడదామని. గెలిచినారు. ఊరంతా టపాసులు. నేనూ ఎగిరినా, మర్సిపోయినా. పొద్దున నువ్వు బంతి ఏసేటప్పటికి ఆ మేకు ఊడి చాప ముడత పడుకోనుండాది. ఆ ముడత మీదనే పడె. అందురూ ఆ పిలగాడి కాడికి పరిగెత్తినారు. నేను మేకు కాడికి పరిగెత్తినా. ఎవురూ సూడకముందే దిగ్గొట్టేసినా. వాళ్ళమ్మ కాళ్ళ మీద పడి నువ్వు ఏడస్తా ఉంటే, నేను ఆ పక్కనే చాప సుడతా ఉండినా. నువ్వు కొట్టాలని ఏసింది కాదు, నాయనా. ముందుకు పడిన మంచి బంతి అది. నడిమి స్టంపుకు పోయేది."