జామీను పిల్ల

మా ఇటుకబట్టీ యజమాని నా మాట జవదాటడు. గొప్పకి చెప్పడం లేదు, ఇటుకలు మోసే గాడిదనడిగినా చెబుతుంది. నేను అచ్చు వేసిన ఇటుకలు పేర్చుకుంటూ పోతే చందమామ దాకా మెట్లవుతాయి. అక్కడి అవ్వ రోజూ దిగొచ్చి మా కుండలో మంచినీళ్ళు తాగి పోవచ్చు.

అలాంటి నాకు ఆ మధ్యాహ్నం చెయ్యి ఆడలేదు. ఎండ నెత్తిన ఎక్కి కూర్చుంది. నాకు మట్టిముద్దలు అందించాల్సిన కోడలు, ముద్ద చేత్తో పట్టుకునే గేటు వైపు చూస్తోంది. వాళ్ళమ్మకి మాట పడిపోయిందని పొద్దున లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. కళ్ళు మాత్రం వెతుకుతున్నాయట, మనవరాలి కోసం.

"వెళ్ళిరామ్మా. లారీ ఇంకా నిండలేదు" అన్నాను.

"పిల్ల లేకుండా వెళ్ళి ఏం మొహం చూపించను మావయ్యా?"

పిల్లంటే నా మనవరాలు. దాన్ని అందరం పిడుగు అంటాం. వాళ్ళ నాన్న, అంటే నా కొడుకు, బట్టీ మీద నిప్పు కాపలాలో ఉన్నాడు. నిప్పు వదిలి దిగకూడదు.

మేమంతా ముందే డబ్బు పుచ్చుకుని పనిలో దిగినవాళ్ళం. ఆసుపత్రికో చావుకో ఎవరైనా గేటు దాటాలంటే, పిల్లల్లో ఒకరిని యజమాని ఇంటి వెనక వరండాలో కూర్చోబెట్టి వెళ్ళాలి. తిరిగొచ్చి విడిపించుకోవాలి. దీన్ని మేము జామీను అంటాం. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. పిల్లల్ని వాళ్ళేమీ చెయ్యరు పాపం. అంట్లు తోమిస్తారు, పసివాణ్ణి ఎత్తుకోమంటారు, చీకటి పడితే గోనెపట్టా ఇస్తారు. కిందటిసారి జామీను ఉండి వచ్చాక మా పిడుగు చాలాకాలం తల్లి కొంగు వదల్లేదు, పక్క కూడా తడిపేది.

మా పక్కనే రేకుల షెడ్డులో బడి. అప్పుడప్పుడూ సంచీ నిండా బొమ్మల పుస్తకాలతో ఒక పంతులమ్మ వస్తుంది. ఆ రోజూ వచ్చింది. పిల్లల వైపు పుస్తకం తిప్పి చూపిస్తోంది.

"ఇది చాలా కాలం కిందటి కథ. అప్పట్లో మనుషుల్ని కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు. వాళ్ళని బానిసలనేవాళ్ళు. ఈ అమ్మ పొలంలో పని చేస్తోంది. ఆమె కూతురు అదిగో, దొర వరండాలో. అమ్మ పారిపోకుండా కాళ్ళకి ఏం వేశారు?"

"గొలుసు!"

మా పిడుగు లేచి నిలబడింది. "టీచర్, బొమ్మ తప్పు."

"ఏం తప్పమ్మా?"

"పిల్ల వరండాలో ఉందిగా! మళ్ళీ గొలుసెందుకు? దండగ."

మిగతా పిల్లలు అవునవునన్నారు. వెనకనుంచి ఒకడు, "ఆ దొరకి బుర్ర లేదు టీచర్! మా యజమాని అయితే గొలుసు కొనేవాడే కాదు" అన్నాడు.

పంతులమ్మ నవ్వబోయి ఆగింది. "వరండాలో ఉంటే ఏమవుతుంది?"

"జామీను టీచర్! నేనూ ఉన్నా."

"నేను జ్వరంతో ఉన్నా!"

చేతులన్నీ లేచాయి. ఇదంతా ఎప్పుడో అయిపోయిందని చెప్పే పేజీ ముందుంది కాబోలు, పంతులమ్మ ఆ పేజీ మాత్రం తిప్పలేదు.

కోడలు ముద్ద కింద పెట్టింది. చీరకి చేతులు తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళి, కూతురి చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది.

గేటు దగ్గర మేస్త్రీ ఉన్నాడు. "పిల్లని అటు పంపి నువ్వు ఇటెళ్ళమ్మా. లారీ కదులుతోంది."

"మా అమ్మ కళ్ళు దీన్నే వెతుకుతున్నాయట అన్నా."

"నువ్వు తిరిగి రాకపోతే నా మెడకి చుట్టుకుంటుంది. నాకూ పిల్లలున్నారు తల్లీ."

పిడుగు తల పైకెత్తింది. "మేస్త్రీ మావా, ఈసారికి నా బదులు గొలుసు పెట్టుకోండి. అమ్మ కాళ్ళకి వేసెయ్యండి. మెల్లగా నడిచెళ్ళి వచ్చేస్తాం."

మేస్త్రీ పకపకా నవ్వాడు. స్టీరింగు దగ్గర డ్రైవరు నవ్వలేదు. కోడలు కూతురి మొహంలోకి వంగి చూసింది, ఇంతకుముందెప్పుడూ చూడనట్టు.

"విన్నావా అన్నా? నా కూతురే నా గొలుసు. ఇన్నాళ్ళూ నేనే నడిపించుకెళ్ళి కట్టించుకున్నా." గేటుకి అడ్డంగా కూలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "వెళ్తే ఇద్దరం వెళ్తాం. లేదంటే ఇద్దరం ఇక్కడే. ఆ వరండాకి మాత్రం ఇక పంపను."

"పిచ్చిదానా, అక్కడ మీ అమ్మ..."

"తెలుసు" అంది కోడలు. ఆ మాట అన్నాక పెదవి కొరుక్కుంది.

వరండాలోకి యజమాని వచ్చి నిలబడ్డాడు. కోడలు నా వైపు చూసింది. యజమాని నా మాట జవదాటడన్నానుగా? నిజమే. నేనో మాటంటూ అంటేగా, ఆయన దాటడానికి! చందమామ దాకా మెట్లు కట్టాను గానీ, ఈ గేటు గురించి ఏనాడూ నోరు విప్పలేదు.

అప్పుడు లేచాను. నేరుగా వెళ్ళి మేస్త్రీని పక్కకి నెట్టి గొళ్ళెం తీశాను. తల్లీపిల్లా లారీ ఎక్కారు. అది దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. యజమాని గుడ్లప్పగించి చూశాడు.

ఆ గొళ్ళెం సంగతి నా కల్పన. అంతవరకూ చెప్పిందంతా నిజమే, అవ్వ నీళ్ళు తాగడం తప్ప. లారీ వెళ్ళింది, ఇటుకలతోనే. గొళ్ళెం ఎక్కడిదక్కడే ఉంది. నేను లేచింది మాత్రం నిజం. వెళ్ళి కోడలి పక్కన కూర్చున్నాను.

"తాతా, అచ్చులో మట్టి బిగుసుకుపోతోంది, లే!" అని మేస్త్రీ అరిచాడు.

వినపడింది. లేవలేదు.