వ్యాను చెప్పిన దూరం

మా ఇంటి కింది వాటాలో ఉండే పెద్దాయన్ని వీధంతా మైకు మావయ్య అంటుంది. ఆయన గుసగుసలాడినా మూడో అంతస్తుకి వినబడుతుంది. ఆ వారమంతా ఆయన నోట ఒకటే మాట. సోమవారం ఊళ్లో ఏ ఒక్కరూ పెట్రోలు గానీ డీజిలు గానీ కొనకూడదు. బంకులు ఈగలు తోలుకుంటూ కూర్చుంటే ధర తనంతట తనే దిగొస్తుంది.

అందరికంటే ఎక్కువ నేనే నమ్మాను. నమ్మక తప్పలేదు. డీజిలు మండిపోతోందని, వచ్చే నెల నుంచి చార్జీ పెంచుతానని పాప బడి వ్యాను డ్రైవరు చెప్పాడు. అతన్ని తప్పు పట్టడానికీ లేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయన మెల్లగా, ఈ ఏడాదికి పాపని మాన్పిద్దామా, ఒకటో తరగతేగా, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. మా ఊరి బస్సు ఆగిపోయినప్పుడు మా నాన్న కూడా ఇలాగే, కొన్నాళ్లు చూద్దామన్నాడు. నా ఎనిమిదో తరగతి ఇంకా అక్కడే ఆగి ఉంది.

ఆ సాయంత్రం పాల కోసం బయటికి వెళ్తే బంకు దగ్గర్నుంచి వీధి మలుపు దాకా బళ్లే. రేపు కొనకూడదు కదా, అందుకని అందరూ ఇవాళే నింపేసుకుంటున్నారు. ఆ వరసలో మైకు మావయ్య కూడా ఉన్నారు, స్కూటరు మీద, కాళ్ల మధ్య ఓ డబ్బా పెట్టుకుని. నన్ను చూసి హుషారుగా చెయ్యి ఊపారు. నేను పెద్దగా చదువుకోలేదు గానీ, రేపటి బేరం ఇవాళే అయిపోతే బంకు వాళ్లకి వచ్చిన నష్టమేంటో నాకు బోధపడలేదు.

సోమవారం పొద్దున వ్యాను రాలేదు. డ్రైవరు ఫోన్ చేశాడు. ఆ వరసలో రెండు గంటలు నిలబడ్డాడట. తన వంతు వచ్చేసరికి బంకులో డీజిలు అయిపోయిందట.

"ఊరు మొత్తం మీద నిజంగా కొననివాణ్ణి నేనొక్కణ్ణేనమ్మా," అన్నాడు.

ఎదురింటి కుట్టుమిషన్ అక్క, ఒక్క రోజేగా, పాపని ఇంట్లో ఉంచెయ్యమంది. ఆ ఒక్క రోజంటేనే నాకు భయం. నా చదువు కూడా ఒక్క రోజు ఇంట్లో ఉండడంతోనే మొదలై అలా ఆగిపోయింది. నడిపించి తీసుకెళ్తానన్నాను.

"వ్యాన్లోనే యాభై నిమిషాలు. పిల్ల కాళ్లు పడిపోతాయే పిచ్చిదానా," అంటూనే అక్క చెప్పులేసుకుంది. ఎటూ దారాలు కొనాలట, రైలు పట్టాల అవతలిదాకా తోడొస్తానంది.

రెండు సీసాల నీళ్లు, బ్రెడ్డు, తువ్వాలు, కాలు బెణికితే రాయడానికి మందు, అన్నీ సంచిలో కుక్కాను. అక్క ఆ సంచి ఎత్తి చూసి, ఇల్లు మారుతున్నావా అని అడిగింది.

మలుపు దగ్గర మైకు మావయ్య స్కూటరు మీద ఎదురొచ్చారు.

"ఏంటి మావయ్యా, ఇవాళ కూడా బండి మీద షికారా?" అంది అక్క.

"కొనొద్దన్నాను గానీ నడపొద్దన్నానా?"

"అందుకేగా డబ్బా కూడా నింపుకున్నారు."

ఆయన ఏదో అన్నారు. ఆయన మాట మాకు వినబడకపోవడం అదే మొదటిసారి.

బేకరీ సందులోంచి అక్క మమ్మల్ని అడ్డదారిన తీసుకెళ్లింది. ఇనప సామాన్ల కొట్టు దాటగానే పట్టాలు దాటడానికి నడిచేవాళ్ల వంతెన. ఇన్నాళ్లూ అది స్టేషన్‌కి వెళ్లేవాళ్లదనుకున్నాను. పాప చెయ్యి నలిగిపోయేంత గట్టిగా పట్టుకుని మెట్లెక్కాను. పైకి చేరాక పాప టక్కున ఆగిపోయింది.

"అమ్మా, మా బడి ఇక్కడికెందుకొచ్చింది?"

చూస్తే నిజమే. బడి మీది పసుపురంగు నీళ్ల ట్యాంకు ఎదురుగా, చేత్తో అందుకునేంత దగ్గర్లో ఉంది. మేం చేరేసరికి గేటు కూడా తియ్యలేదు. ఫోన్లో టైము చూసుకున్నాను. ఇంటి నుంచి ఇరవై రెండు నిమిషాలు.

వ్యాను నాలుగు కాలనీలు తిరిగి, రైల్వే గేటు దగ్గర కాచుక్కూర్చుని వస్తుంది. అది తిరిగినదంతా బడి దూరమే అనుకున్నాను. బడి గేటు పక్క మెట్టు మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా హైస్కూలుకి బస్సు కూడా చుట్టూ తిరిగే వెళ్లేది. ఎవరూ నడిచి చూడలేదు. ఆ ఆలోచనతో ఎక్కువసేపు కూర్చోలేదు. పాప గేటు ఊచలు పట్టుకుని ఊగుతోంది.

ఇంటికొచ్చాక మా ఆయనకి చెప్తే వానొస్తే ఎలా, ఎండకి తట్టుకుంటుందా అని మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఆ ప్రశ్నలన్నీ నావి. ఆ రోజు ఆయన అడుగుతుంటే నేను జవాబులు చెప్పాను. గొడుగుంది, వంతెనకి రేకుల కప్పుంది. ఇంక మాన్పించే మాట ఆయన ఎత్తలేదు.

వ్యాను మానేస్తున్నామని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రెండు రోజులు నాన్చి చెప్పాను. డ్రైవరు హమ్మయ్య అనుకున్నట్టు నవ్వాడు.

"మీ సందులోకొచ్చి వెనక్కి తిరగడానికే పావుగంట పడుతోందమ్మా. నేనే అడుగుదామనుకుని మొహమాటపడ్డాను."

ధర సంగతంటారా, మంగళవారం పైసా కూడా తగ్గలేదు. ఒక్క రోజు చాలదు, ఈసారి వారం చెయ్యాలని మైకు మావయ్య మళ్లీ మొదలెట్టారు. చేస్తే మంచిదే, కాకపోతే ముందురోజు బంకు వైపు ఎవరూ వెళ్లకూడదని షరతు పెట్టమన్నాను. ఆయన ఆలోచిస్తానన్నారు.

తర్వాతి నెల ధర ఇంకొంచెం పెరిగింది. మా ఆయన పేపర్లో చూసి చదివాడు. పాప బూటు లేసులు కడుతున్నదాన్ని ఒక్క క్షణం ఆగాను, మునుపటి భయం మళ్లీ వస్తుందేమోనని. రాలేదు. రెండో బూటు కూడా కట్టేశాను.

"రేపు బూట్ల ధర పెరిగితేనో?" అన్నాడు మా ఆయన.

"మైకు మావయ్యకి చెప్తాలే," అని పాప చెయ్యి పట్టుకున్నాను.