మట్టి కప్పులు

“మట్టి కప్పులు తెచ్చావా?” కుర్తా గుండీలు పెట్టుకుంటూ అడిగారు మా ఆయన రాజ్‌వీర్. తెచ్చానన్నాను. ఆదివారం హిందీ రచయితలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా సందు చివర కుమ్మరి దగ్గరికి పరిగెత్తేది నేనే. మట్టి వాసనకి టీ రుచే వేరని ఆయన నలుగురిలో చెబుతారు. అసలు సంగతి ఆయనకీ, నాకూ, మా అత్తగారికీ తెలుసు. పాకీపని చేసిన ఇంటి గ్లాసు పట్టుకోవడానికి వాళ్లెక్కడ ఇబ్బంది పడతారోనని మేమే ముందుగా తప్పుకుంటున్నాం. తాగి పారేస్తే గొడవే లేదు.

ఆ రోజు ఆయన చదివిన కథ వాళ్లమ్మది. మీరట్‌లో ఆవిడ పాకీ దొడ్లు శుభ్రం చేసిన ఇళ్లవాళ్లు ఆవిడకని చెవి విరిగిన కప్పొకటి చూరులో దోపి ఉంచేవారు. టీ తాగాక తనే కడిగి తనే మళ్లీ దోపాలి. బడిలో పాఠాలు, ఇంట్లో వంట ముగించుకుని ఆ కథకి సాఫు ప్రతి రాసింది నేనే కాబట్టి ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు. ముందుగదిలో సంపాదకుడు దీక్షిత్ గారు చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్లకు మన హిందీకి మీ నోరు దొరికిందయ్యా అన్నారు.

కథ చదువుతున్నంతసేపూ మా అత్తగారు వంటింట్లో నేల మీద కూర్చుని అల్లం దంచుతున్నారు. ఆవిడను ముందుగదిలోకి రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. కప్పు మాట చెవిన పడగానే ఆవిడ చెయ్యి ఆగింది. నా వైపు తిరిగి, “కప్పులు సరిపోతాయంటావా, కోడలా?” అని అడిగారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ కప్పు చూరులో దోపింది ఎవరో పరాయివాళ్లు. ఈ కప్పులు సంచీలో వేసుకుని మోసుకొచ్చింది నేను.

స్టీలు గ్లాసులు దించి టీ పోస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. “వద్దే తల్లీ. వాళ్లు ముట్టుకోకపోతే వాడి పరువేం కావాలి?”

“ముట్టుకోకపోతే పోనీ అత్తయ్యా. మనకైనా తెలుస్తుంది.”

పళ్లెం తీసుకెళ్లి వాళ్ల మధ్య పెట్టాను. ఇద్దరు గ్లాసులు అందుకున్నారు. ఒకాయన ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు. దీక్షిత్ గారు టీ మానేశానన్నారు. పోయిన ఆదివారం అడిగి మరీ రెండోసారి పోయించుకున్న మనిషి. రాజ్‌వీర్ చేతిలోని కాగితాలు చూస్తూ కూర్చున్నారు, నావైపు చూడలేదు.

వాళ్లు వెళ్లాక ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, నలుగురిలో నా పరువు తీశావన్నారు. అత్తగారు తల వంచుకున్నారు. నేను చల్లారిన టీ పారబోసి, దీక్షిత్ గారు ముట్టని గ్లాసు కడుగుతూ చెప్పాను.

“ఇది కూడా రాయండి. మీరు రాయకపోతే నేను రాస్తాను.”